చిన్న రచయితల బృందంలో చేరితే నిజంగా ఉపయోగం ఉంటుందా?

కథలు రాస్తున్నారు, తెలిసినవాళ్లు నలుగురైదుగురు కలిసి నడుపుకుంటున్న బృందంలోకి రమ్మంటున్నారు, వెళ్లాలా వద్దా అని అడిగారు. తప్పకుండా వెళ్లండి.

నేను కొన్నేళ్లుగా అలాంటి బృందంలో ఉన్నాను. నా కథల మీద వచ్చిన సలహాల కంటే మిగతావాళ్ల చిత్తుప్రతులు చదవడం వల్లే నాకు ఎక్కువ మేలు జరిగింది. అచ్చయిన కథలో దిద్దుబాట్లన్నీ అయిపోయి ఉంటాయి, రాసినవాళ్లు ఎక్కడ తడబడ్డారో మనకి తెలియదు. చిత్తుప్రతిలో అంతా కళ్లెదుటే ఉంటుంది. ఒకసారి మాలో ఒకావిడ తెచ్చిన కథలో, చాలాకాలానికి ఇంటికొచ్చిన కొడుకుతో తండ్రి మాట్లాడడు. అందరం రెండో పేజీలో ఒకేచోట ఆగిపోయాం. ఒకరు సంభాషణ పెంచమన్నారు, ఇంకొకరు ఆ భాగమే తీసేయమన్నారు, నేను తండ్రి గతం చెప్పమన్నాను. ఆవిడ ఇవేవీ చేయలేదు. కొడుకు ఇల్లు ఎందుకు వదిలాడో చెప్పే వాక్యం ఒకటి చివర్లో ఉంటే, దాన్ని ముందుకి తెచ్చారు. కథ సాఫీగా సాగిపోయింది. నలుగురూ ఒకేచోట ఆగారంటే అక్కడ ఏదో ఉన్నట్టే. దాన్ని ఎలా సరిచేయాలో మాత్రం రాసినవాళ్లే తేల్చుకోవాలి. ఇది అర్థమయ్యాక నా కథ చదివే రోజున టెన్షన్ బాగా తగ్గింది.

బృందం చిన్నది కావడం కూడా మంచిదే. మనుషులు పెరిగేకొద్దీ ఒక్కో రచనకి దొరికే సమయం తగ్గిపోతుంది, మాటలు పైపైన తేలిపోతాయి. "పోయినసారి కంటే ముగింపు నయం, కానీ ఆ చెల్లెలు ఏమైపోయింది?" అని అడగగలిగేది మీ పాత ప్రతి గుర్తున్నవాళ్లే.

పెద్ద రచన మొదలుపెట్టినవాళ్లకి ఇది మరీ అవసరం. 1930, 40 దశకాల్లో ఆక్స్‌ఫర్డ్‌లో 'ఇంక్లింగ్స్' అనే రచయితల మిత్రబృందం ఉండేది. ఆంగ్ల రచయిత టోల్కీన్ తన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవల రాస్తూనే అందులోని అధ్యాయాలు అక్కడ చదివి వినిపించేవారు. ఆ నవల మొదటి భాగం 1954లో గానీ అచ్చుకాలేదు. బృందంలో అది నచ్చనివాళ్లూ ఉన్నారు. అయినా అదే బృందంలోని రచయిత సి. ఎస్. లూయిస్ ఇంకా వినాలని ఆత్రంగా అడుగుతూ ఉండకపోతే పూర్తి చేసేవాణ్ణే కాదని టోల్కీన్ తర్వాత ఒక ఉత్తరంలో రాసుకున్నారు. అన్నేళ్ల పనికి అలా ఎదురుచూసే మనిషి ఒక్కరున్నా ఎంత బలమో నేనూ చూశాను.

అయితే అన్ని బృందాలూ ఒకలా ఉండవు. రచనలు ముందే పంపుకుని చదివి వస్తున్నారా, చర్చ జరుగుతున్నంతసేపూ రాసినవాళ్లు సంజాయిషీ ఇవ్వకుండా వింటున్నారా అన్నది చూడండి. "ఇక్కడ నాకు అర్థం కాలేదు" అనే మాట "నేనైతే ఇలా రాసేవాణ్ణి" కంటే ఎక్కువ వినిపిస్తే అది మంచి బృందం. ప్రతిదానికీ "అద్భుతం" అనేచోట ఉండటం వృథా. కథ మీ మనసులో ఇంకా ఒక రూపానికి రాకముందే మాత్రం ఎవరికీ చూపించకండి, తలో మాటా విని దారి తప్పుతుంది.

మొదటి ఒకటి రెండు సమావేశాలకి మీ రాత తీసుకెళ్లకండి. వాళ్లవి శ్రద్ధగా చదివి వెళ్లి, ఎక్కడ ఆగిపోయారో చెప్పండి. ఆ మాటని వాళ్లు ఎలా తీసుకుంటారో చూస్తే మీ కథ వాళ్ల చేతిలో పెట్టవచ్చో లేదో తెలిసిపోతుంది.