మంచినీళ్లే కదా అనుకోవద్దు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులతో వ్రాయునది.

పాతదే అయినా గట్టిగా ఉన్న అల్యూమినియం పడవ, దానికో చిన్న పెట్రోలు ఇంజను కొన్నావని తెలిసి చాలా సంతోషించాను. గాలాలు, ఎరలు, రీళ్ల గురించి పేజీలకు పేజీలు రాశావు. పడవ విషయానికి వచ్చేసరికి మాత్రం "సముద్రం కాదుగా మామయ్యా, చెరువు నీళ్లే, పెద్దగా చూడవలసింది ఏముంటుంది" అని ఒక్క మాటతో తేల్చేశావు. నాకు దిగులు కలిగించింది ఆ మాటే. ఉప్పునీరు చేసే హాని త్వరగా బయటపడుతుంది, కాబట్టి మనిషి జాగ్రత్తపడతాడు. మంచినీరు కంటికి కనిపించని చోట చేరి నెమ్మదిగా పని కానిస్తుంది.

ముందు చెక్క సంగతి. కలపను కుళ్లబెట్టే బూజుకు ఉప్పునీరు సరిపడదు, వాననీరు బాగా సరిపడుతుంది. నీ పడవ అల్యూమినియంది కదా, చెక్కతో పనేమిటి అంటావేమో. వెనుక ఇంజను బిగించే అడ్డగోడ లోపల చాలా పడవల్లో ప్లైవుడ్ ఉంటుంది, కూర్చునే పలకల కింద కూడా ఉండవచ్చు. ఆ గోడకు కొట్టిన ప్రతి బోల్టు రంధ్రమూ నీటికి దారే. స్క్రూడ్రైవరు పిడితో గోడంతా తట్టి చూడు. శబ్దం గట్టిగా, స్పష్టంగా రావాలి. ఎక్కడైనా మూగగా వినిపిస్తే అక్కడ చెక్క మెత్తబడిందని అర్థం. తరువాత ఇంజను కింది భాగం పట్టుకుని పైకీ కిందికీ ఊపు. గోడ కదిలినా, వంగినా చెక్క మార్చేదాకా పడవను నీళ్లలోకి దించకూడదు. ఇంజను ఊడి చెరువులో పడడం ఒక నష్టం, పడవ వెనుక భాగమే విడిపోవడం అంతకన్నా పెద్ద ప్రమాదం.

అల్యూమినియానికి అసలు శత్రువు రాగి. తడిలో ఈ రెండు లోహాలూ తాకి ఉంటే రాగికి ఏమీ కాదు, అల్యూమినియమే తినుకుపోతుంది. చిన్న రాగి నాణెమో తీగ ముక్కో అడుగున మడ్డినీళ్లలో ఉండిపోతే చాలు, ఆ చోట గుంటలు పడతాయి. కుళ్లకుండా రాగి మందు ఎక్కించిన చెక్కను అడుగున పరచవద్దు, రాగి కలిసిన రంగు పూయవద్దు. ఇంజను కింది భాగంలో ఆనోడ్ అనే చిన్న లోహపు ముక్క బిగించి ఉంటుంది, చూశావా? ఇంజనుకు బదులు తాను కరిగిపోవడమే దాని పని. ఆ ఇంజను ఒకప్పుడు సముద్రంలో తిరిగి ఉంటే అది జింకుది కావచ్చు. మంచినీటిలో జింకు మీద పొర కట్టి అది పనిచేయడం మానేస్తుంది, అందుకే ఇక్కడ మెగ్నీషియంది వేయాలి. సగం కరగగానే మార్చు. దాని మీద రంగు పూస్తే ఉన్నా లేనట్లే.

పడవ రేకులను కలిపి పట్టి ఉంచే రివెట్ల దగ్గర నీరు కారుతోందన్న అనుమానం ఉంటే బయటినుంచి వెతకవద్దు. పడవను నేల మీద అన్నివైపులా ఆనేలా నిలబెట్టి, అడుగు రివెట్లు మునిగేంత నీళ్లు లోపల నింపు. లీటరు నీళ్లంటే కిలో బరువు, కాబట్టి అంతకు మించి నింపకు. బయట చుక్క కారిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టుకో. పూర్తిగా ఆరాక ఒకరు లోపల బరువైన ఇనుప దిమ్మ ఆనించి పట్టుకుంటే, మరొకరు బయటినుంచి సుత్తితో కొట్టి బిగించవచ్చు. వదులైన రివెట్లలో చాలావాటికి అది సరిపోతుంది.

ఇక ఇంజను. గాలం వేసేవాళ్ల పడవలకు ప్రత్యేకంగా వచ్చే జబ్బు ఒకటుంది. తెగిన నైలాను దారం నీటిలో తేలుతూ వచ్చి ప్రొపెల్లరు వెనుక ఇరుసుకు చుట్టుకుంటుంది. అక్కడ రబ్బరు సీలు ఉంటుంది. ఇరుసు తిరిగిన కొద్దీ దారం లోపలికి జరిగి సీలును కోస్తుంది. నీళ్లు గేరు పెట్టెలోకి చేరతాయి. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఇంజను మామూలుగానే నడుస్తుంది, నీకేమీ తెలియదు. అందుకని అప్పుడప్పుడు ప్రొపెల్లరు విప్పి చూడడం అలవాటు చేసుకో. చెయ్యి పెట్టే ముందు స్పార్కు ప్లగ్గు తీగ ఊడదీయడం మరిచిపోకు. ఏ వాషరు ఏ వరుసలో వచ్చిందో విప్పేటప్పుడే ఫోనులో ఫోటో తీసుకో. దారం ఉంటే పోగు మిగలకుండా తీసేసి, ఇరుసుకు గ్రీజు రాసి మళ్లీ బిగించు.

గేరు ఆయిల్ కూడా నీకు నిజం చెబుతుంది. గేరు పెట్టె కింది మరను కాస్త వదులు చేసి కొంచెం ఆయిల్ బయటికి రానివ్వు. అది పాలలా తెల్లబడి ఉంటే నీళ్లు చేరినట్లే, సీలు మార్చక తప్పదు. కొత్త ఆయిల్ ఎప్పుడూ కింది రంధ్రం నుంచే ఎక్కించాలి. పై రంధ్రం నుంచి పొంగేదాకా ఎక్కిస్తే లోపల గాలి మిగలదు. పైనుంచి పోస్తే నిండినట్లు కనిపిస్తుంది కానీ నిండదు.

ఇంజను అందుకోగానే వెనుకనుంచి సన్నని నీటిధార చిమ్ముతోందా లేదా చూడు, ప్రతిసారీ చూడు. చల్లబరిచే పంపు పనిచేస్తోందని చెప్పేది అదొక్కటే. మన చెరువుల బురద ఆ పంపులోని రబ్బరు చక్రాన్ని అరగదీస్తుంది. ధార సన్నబడితే ముందు ఇంజను ఆపి, గట్టి నైలాను దారం ముక్కతో ఆ రంధ్రం పొడిచి చూడు, చాలాసార్లు నాచో ఇసుకో అడ్డుపడి ఉంటుంది. అప్పటికీ రాకపోతే తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు రా. తెడ్డు లేకుండా ఎప్పుడూ బయలుదేరకు. ఒడ్డున ఇంజను పరీక్షించాలంటే కింది భాగం డ్రమ్ములో నీళ్లలో మునిగి ఉండాలి, పొడిగా తిప్పితే ఆ రబ్బరు చక్రం చూస్తూండగానే కాలిపోతుంది.

పెట్రోలు నిలవ ఉంచకు. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అది ఎక్కువైతే నీరూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగుతాయి. కొన్ని వారాలపాటు వెళ్లనని తెలిస్తే ఇంధనం గొట్టం విప్పి, కార్బురేటరు ఖాళీ అయి ఇంజను దానంతట అదే ఆగేదాకా నడిపించు. టూ స్ట్రోక్ ఇంజను అయితే చాలావాటికి 50 పాళ్ల పెట్రోలుకు 1 పాలు ఆయిల్, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. అయినా నీ ఇంజను పుస్తకంలో ఉన్న లెక్కే లెక్క. ట్రెయిలరు మీద దూరం నుంచి వస్తే చక్రాలు చల్లబడ్డాకే నీళ్లలోకి దించు. వేడి బేరింగు చన్నీళ్లలో మునిగితే సీలు దాటి నీటిని లోపలికి లాక్కుంటుంది.

చేపల గురించి అడిగావు కాబట్టి రెండు మాటలు. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే నీటిలో సుమారు 1,480 మీటర్లు పోతుంది. చేపకు పక్కల వెంబడి గీతలా ఉండే అవయవం చిన్న కదలికనైనా పట్టేస్తుంది. అల్యూమినియం అడుగు మీద సామాను డబ్బా జారిన చప్పుడు చాలు, దగ్గర్లోని చేప బెదిరిపోతుంది. అడుగున రబ్బరు చాప పరుచుకో, ఇంటికి వచ్చాక దాన్ని ఎత్తి ఆరబెట్టు. లంగరు విసరవద్దు, తాడు వదులుతూ దించు.

గాలి కొట్టే ఒడ్డు వైపు పైనీటితో పాటు సూక్ష్మజీవులు, వాటి కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్దవి చేరతాయి. ఆ ఒడ్డుకు మరీ దగ్గరగా వెళితే అలలు పడవను ఒడ్డుకేసి నెడతాయి. కాస్త దూరంగా, గాలికి ఎదురుగా పడవ ముక్కు ఉండేలా ముందునుంచే లంగరు వేసుకుని, వెనుకవైపు ఒడ్డు దిశగా గాలం వెయ్యి. తాడు పొడవు లోతుకు 5 రెట్లకు తగ్గకూడదు, గాలి హోరుగా ఉంటే 7 రెట్లు కావాలి. వెనుకనుంచి మాత్రం ఎన్నడూ లంగరు వేయకు. ఇంజను బరువుతో ముందే కిందికి ఉన్న ఆ వైపునుంచి ఒక్క అల లోపలికి వస్తే పడవ మునిగిపోవచ్చు.

వేసవిలో నాచు దట్టంగా ఉన్న చెరువుకు తెల్లవారకముందే పరుగెత్తనక్కరలేదు. రాత్రంతా నాచు కూడా ప్రాణవాయువును వాడుకుంటుంది కాబట్టి, సూర్యోదయానికి ముందు నీటిలో అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. చేపలు మందకొడిగా ఉంటాయి. కాస్త ఎండ రానివ్వు.

వదిలేయదలచిన చేపను పొడిచేతులతో పట్టకు. దాని ఒంటి మీది జిగురు పొరే దానికి రోగాల నుంచి రక్షణ. చెయ్యి తడుపుకుని పట్టు, గాలం కొక్కెం కొన దగ్గరి ఎదురు ముల్లును ముందే శ్రావణంతో నొక్కి ఉంచు, చేపను నీళ్లలోనే పొట్ట కిందికి ఉండేలా ఆనించి పట్టుకుని అది తనంతట తాను ఈదేదాకా ఆగు. తెగిన దారం ముక్కలన్నీ సీసాలో వేసి ఇంటికి తీసుకురా. అవి పక్షుల కాళ్లకు చుట్టుకుంటాయి, తిరిగి నీ ఇంజనుకే చుట్టుకుంటాయి.

ఒడ్డుకు చేరగానే పడవ అడుగు బిరడా తీసి నీళ్లన్నీ వదిలెయ్యి, నాచు ఏరెయ్యి. గుర్రపుడెక్క ముక్క ఒకటి వేరే చెరువుకు చేరితే ఆ చెరువు పాడైనట్లే. మరో చోటికి తీసుకెళ్లే ముందు కనీసం 5 రోజులు పూర్తిగా ఆరనివ్వు. బిరడాను ఇంజను తాళంచెవికి కట్టి ఉంచు, పెట్టకుండా బయలుదేరే వీలుండదు. ఇంకొకటి అదనంగా దగ్గర పెట్టుకో.

లైఫ్ జాకెట్ పడవలో ఉంటే సరిపోదు, నీ ఒంటి మీద ఉండాలి. నువ్వు నీళ్లలో పడితే ఇంజనును ఆపే తాడు నీ చేతికి తగిలించి ఉండాలి. ఒంటరిగా ఉన్నప్పుడు నిలబడి గాలం విసరకు. ఉరుము వినిపిస్తే కార్బన్ గాలపు కర్రను కింద పెట్టి వెంటనే ఒడ్డుకు రా, ఆ కర్ర కరెంటును మోస్తుంది. పడవ తిరగబడితే ఈదుకుంటూ వెళ్లిపోకు, దాన్నే పట్టుకుని ఉండు. ఈ విషయంలో నా మాట కాదనకు తల్లీ.

వెనుక గోడ తట్టి చూశాక ఏ వైపు ఎలాంటి శబ్దం వచ్చిందో, గేరు ఆయిల్ ఏ రంగులో ఉందో రాయి. చెక్క మెత్తబడి ఉంటే గోడ పొడవు, ఎత్తు, మందం కొలిచి పంపు, మార్చే పద్ధతి విడిగా రాస్తాను.

ఇట్లు,
మామయ్య