లీకు మీద వేలు పెట్టకు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న రాత్రి భోజనాలవేళ మీ అమ్మ ఫోను చేసింది. నీకు వీసా వచ్చిందని, దుబాయిలో మ్యాన్‌లిఫ్టులు, అదే మనుషుల్ని పైకెత్తే యంత్రాలు, అద్దెకిచ్చే కంపెనీలో మెకానిక్‌గా చేరుతున్నావని చెప్పింది. "నువ్వు పనిచేసిన ఊరే కదా అన్నయ్యా, భయమేమీ లేదు కదా" అని రెండుసార్లు అడిగింది. లేదని రెండుసార్లూ చెప్పాను. మీ అత్తయ్య నిద్రపోయాక లేచి వాకిట్లో మంచం మీద కూర్చున్నాను. తెల్లవారేదాకా నీ ఆలోచనే. ఫోనులో చెబితే "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటావు, సగం వినవు. కాగితం మీద ఉంటే ఎప్పుడైనా తీసి చూస్తావని ఇది రాస్తున్నాను.

ముందు గర్వం సంగతి చెప్పనీ. 1998లో నేను జగిత్యాల నుంచి బొంబాయి వెళ్లి విమానం ఎక్కినప్పుడు నాకు తెలిసిందల్లా ట్రాక్టర్ గేర్‌బాక్స్ విప్పడం, మళ్లీ బిగించడం. బిగించాక రెండు బోల్టులు మిగిలేవి. నువ్వు ఐటీఐ చదివావు, కరీంనగర్‌లో నాలుగేళ్లు జేసీబీల హైడ్రాలిక్స్, అదే నూనె ఒత్తిడితో నడిచే భాగాలు, చూశావు, సర్క్యూట్ బొమ్మ చదవగలవు. ఆ బొమ్మ చదవడం నాకు రావడానికి ఆరేళ్లు పట్టింది, అదీ ఒక కేరళ ఫోర్‌మన్ చేత తిట్లు తిని. కాబట్టి నీకు పని రాదని నా దిగులు కాదు. పని వచ్చింది కదా అని చెయ్యి ముందుకు వెళుతుంది చూడు, దాని గురించే నా దిగులు. ఇంకొకటి కూడా ఉంది. జేసీబీ బకెట్‌లో మట్టి ఉంటుంది, లిఫ్ట్ బాస్కెట్‌లో మనిషి ఉంటాడు.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. నూనె మట్టం చూసేటప్పుడు బూమ్, అదే బాస్కెట్‌ను మోసే పొడవాటి చెయ్యి, పూర్తిగా దించి, లోపలికి ముడిచి ఉండాలి. ఎత్తి ఉంచి నూనె పోశావా, దించగానే సిలిండర్లలో ఉన్నదంతా ట్యాంకులోకి తిరిగొచ్చి పొంగిపోతుంది. నూనె పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. మాడు వాసన వస్తే బాగా వేడెక్కింది. పంపు కూత పెడుతుంటే నూనె సరిగా అందడం లేదు, లేదా ఎక్కడో గాలి పీలుస్తోంది. బూమ్‌ను చుట్టూ తిప్పే టర్న్‌టేబుల్ బోల్టుల మీద పెయింట్ గీతలు చెదిరాయేమో చూడు, చెదిరితే బోల్టు వదులైనట్టే. బ్యాటరీతో నడిచే అత్యవసర పంపును రోజూ పొద్దున్నే ఒకసారి నడిపించు, ఇంజిన్ ఆగిపోతే పైనున్నవాణ్ణి దించడానికి అదే దిక్కు. గంటకు 45 కిలోమీటర్లు దాటి గాలి వీస్తుంటే ఎవరినీ ఎక్కనివ్వకు. మిగతాదంతా కంపెనీ పుస్తకంలో ఉంటుంది. బొమ్మలు మాత్రమే చూసి మూసేయకు, చదువు.

సైటు నుంచి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం "లిఫ్ట్ కదలడం లేదు" అనే. వెంటనే పనిముట్ల పెట్టె తెరవకు. ఒకసారి దుబాయిలోని జెబెల్ అలీ నుంచి అబుదాబి అవతల రువైస్ దాకా మూడు గంటలు బండి నడుపుకుంటూ వెళ్లాను. తీరా చూస్తే బాస్కెట్‌లో లిఫ్ట్‌ను అత్యవసరంగా ఆపే ఎర్ర బటన్ నొక్కి ఉంది. దాన్ని పైకి లాగాను, లిఫ్ట్ కదిలింది, మళ్లీ మూడు గంటలు వెనక్కి. అప్పటి నుంచి ఫోనులోనే అడిగేవాణ్ణి: పైన, కింద రెండు ఎర్ర బటన్లూ లాగి ఉన్నాయా, తాళంచెవి ఎటు తిరిగి ఉంది, కాలితో తొక్కి ఉంచితేనే లిఫ్ట్‌ను కదలనిచ్చే ఫుట్ స్విచ్ కింద సిమెంటు ముద్ద ఏమైనా ఇరుక్కుందా.

ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు ఒకే ప్రశ్న వేసుకో. అన్ని కదలికలూ మందగించాయా, ఒక్కటేనా? అన్నీ అయితే పంపు, నూనె పీల్చే గొట్టం, ఒత్తిడి మితిమీరకుండా చూసే మెయిన్ రిలీఫ్ వాల్వ్ వైపు వెళ్లు. ఒక్కటే అయితే ఆ వాల్వు, ఆ సిలిండర్. ఆ వాల్వును కరెంటుతో కదిలించే కాయిల్‌కు కరెంటు వస్తోందా అనే అనుమానం ఉంటే స్క్రూడ్రైవర్ మొన దాని నట్టుకు ఆనించి చూడు, కరెంటు ఉంటే అయస్కాంతంలా లాగుతుంది. ఈ ఒక్క ప్రశ్న వేసుకోకుండా, మంచి పంపును విప్పి రోజంతా పాడుచేసుకున్నవాళ్లను చూశాను. వాళ్లలో నేనూ ఉన్నాననుకో.

ఇసుక గురించి కూడా ఒక మాట. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన కంటికి సుమారు 40 మైక్రాన్ల కన్నా చిన్న రేణువు కనబడదు. లిఫ్ట్‌లో ఉండే ఫిల్టర్లు 10 మైక్రాన్లవి. అంటే నువ్వు శుభ్రంగా ఉందనుకున్న హోస్ గొట్టం చివర వాల్వును బిగుసుకుపోయేలా చేసేంత దుమ్ము ఉండవచ్చు. విప్పిన ప్రతి గొట్టానికీ వెంటనే మూత పెట్టు. మీ అమ్మ పచ్చడి జాడీకి గుడ్డ కట్టినంత శ్రద్ధగా.

ఇక నా ఎడమచేతి చూపుడు వేలు సంగతి.

2007 ఆగస్టు. జెబెల్ అలీలో ఒక గోదాము కడుతున్నారు. 60 అడుగుల లిఫ్ట్, బూమ్ ఎత్తే సిలిండర్ దగ్గర ఎక్కడో నూనె చెమ్మ. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని ఆపాలని అక్కడ వేసవి నియమం. అందరూ నీడకు వెళ్లిపోయారు. మూడింటికల్లా లిఫ్ట్ సిద్ధం చేసి శభాష్ అనిపించుకోవాలని నేను ఆగిపోయాను. కింది కంట్రోల్ దగ్గర ఒక బిహార్ కుర్రవాణ్ణి నిలబెట్టి, సిలిండర్ చివరంటా వెళ్లాక కూడా బటన్ వదలవద్దని చెప్పాను. ఒత్తిడి పూర్తిగా ఎక్కితే లీకు బయటపడుతుందని నా తెలివి. ఆ ఎండ వెలుగులో ధార కనబడలేదు. హోస్ మీద చెయ్యి వేసి, వెంట తడుముతూ పోయాను.

నొప్పి లేదు. తుమ్మముల్లు గుచ్చుకున్నట్టు చురుక్కుమంది, అంతే. చేతితొడుగు తీసి చూస్తే వేలి కొసన ఎర్రటి చుక్క. రక్తం కూడా రాలేదు. లీకు దొరికింది కదా అని సంబరపడ్డాను! హోస్ మార్చాను, మూడు గంటలకు లిఫ్ట్ పనిలోకి వెళ్లింది, శభాష్ కూడా దక్కింది. సాయంత్రానికి వేలు బిగుసుకుంది. రాత్రికి తెల్లబడి, లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు పోటు. క్లినిక్‌కు వెళ్లి "ఏదో గుచ్చుకుంది" అన్నాను. ధనుర్వాతం సూది వేసి, మాత్రలిచ్చి పంపారు. ఆ డాక్టరును నేను ఏమీ అనను. నూనె మాట ఆయనకు నేను చెబితే కదా. మర్నాడు పెద్దాసుపత్రిలో వేలు కోసి చూసేసరికి నూనె నరాల వెంట అరచేతి దాకా పాకింది. రెండు కణుపులు తీసేశారు. మొదటి గంటల్లోనే వచ్చి ఉంటే వేలు దక్కేదేమోనన్నాడు సర్జన్.

ఎందుకు పెట్టాను చెయ్యి? నాకు తెలియక కాదు, పుస్తకంలో ఉంది, ఫోర్‌మన్ కూడా చెప్పాడు. పొలంలో పుట్టిన చేతులు మనవి. మోటారు పైపు కారితే అరచెయ్యి అడ్డం పెడతాం, డ్రిప్ పైపు చిల్లుపడితే బొటనవేలు ఆనించి గుడ్డ కోసం అరుస్తాం. నీకు పన్నెండేళ్లప్పుడు మిర్చి తోటలో మందు కొట్టే పంపు గొట్టం చిమ్ముతుంటే నువ్వూ అదే చేశావు. నేను పరుగున వచ్చి నీ వీపు మీద ఒక్కటిచ్చాను, గుర్తుందా? నువ్వు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మందు నీ చేతికి అంటిందని కొట్టాననుకున్నారు అందరూ. అందుకు కాదురా. నా చెయ్యే నాకు కనబడింది అక్కడ.

కారు టైరులో గాలి ఒత్తిడి 2 బార్ల పైచిలుకు. లిఫ్ట్ హోస్‌లో 200 బార్లు దాటుతుంది. సూది మొనంత రంధ్రంలోంచి వచ్చే ఆ నూనెకు తోలు చేతితొడుగు ఒక అడ్డు కాదు. కాబట్టి లీకు వెతకాలంటే బారెడు కర్రకు అట్టముక్క కట్టి, దూరంగా నిలబడి, కళ్లద్దాలు పెట్టుకుని హోస్ వెంట నడిపించు. అట్ట తడిసినచోట లీకు. బిగించేది ఇంజిన్ ఆపి, ఒత్తిడి వదిలాకే. ఎప్పుడైనా చురుక్కుమంటే, చుక్క ఎంత చిన్నదైనా, నొప్పి ఉన్నా లేకపోయినా, సర్జన్ ఉన్న ఆసుపత్రికి ఆ నిమిషమే బయలుదేరు. "అధిక ఒత్తిడితో హైడ్రాలిక్ నూనె చర్మంలోకి వెళ్లింది" అని చెప్పు. నూనె డబ్బా మీది పేరు ఫోటో తీసి తీసుకెళ్లు. సూపర్‌వైజర్ సణిగితే సణగనీ.

బూమ్ తనంతట తాను దిగుతోందని ఎవరైనా అంటే, ముందు నూనె చల్లబడటం వల్లనా అని చూసుకో. వేడినూనె చల్లారితే కుంచించుకుపోయి కాస్త దిగడం మామూలే. చల్లబడ్డాక కూడా దిగుతుంటే బూమ్ జారకుండా నూనెను పట్టి ఉంచే, సిలిండర్ మీది హోల్డింగ్ వాల్వును, లోపలి సీళ్లను అనుమానించు. ఇంజిన్ ఆపి జాయ్‌స్టిక్ ఎంత ఆడించినా ఆ వాల్వు వెనక ఒత్తిడి మిగిలే ఉంటుంది. బూమ్ కిందికి దించి ఆనించకుండా, లేదా గట్టి ఊతం ఇవ్వకుండా దాన్ని కదిలించావని తెలిస్తే విమానం ఎక్కి వచ్చి మరీ తంతాను. దాని మీది స్క్రూను పావు చుట్టు తిప్పి చూద్దామనే బుద్ధి కూడా వద్దు.

ఫుట్ స్విచ్ సతాయిస్తోందని వైరు ముక్కతో కలిపేసే మహానుభావులు ప్రతి యార్డులోనూ ఉంటారు. "సాయంత్రం దాకానే" అంటారు. దూలం కింద బాస్కెట్ పైకి లేచి, మనిషి కంట్రోల్ మీద ఒరిగిపోయినప్పుడు అతని కాలు పక్కకు జారితే లిఫ్ట్‌ను ఆపేది ఆ స్విచ్చే. ఎవరు చెప్పినా చేయకు. ఉద్యోగం పోతుందంటే పోనీ, ఇక్కడ రెండెకరాలు ఉన్నాయి, నేను ఉన్నాను.

కోప్పడ్డాను, ఏమనుకోకు. అక్కడ దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగు, ఉప్పు కలుపుకుని. మొదటి మూడు నెలలు ఇంటికి డబ్బు పంపకపోయినా ఎవరూ ఏమీ అనరు, నేను చూసుకుంటాను. సెలవురోజున మీ అమ్మకు వీడియో కాల్ చేసి ముఖం చూపించు. నీ పెట్టెలో బట్టల కింద ఒక అట్టముక్క, ఒక వెదురు కర్ర పెట్టమని మీ అత్తయ్యకు ఇచ్చి పంపుతున్నాను. విమానాశ్రయంలో కర్ర తీసేస్తే తీసేయనీ, అట్ట మాత్రం ఉంచుకో.

ఇంకొక్కటి. నా వేలు కంపెనీ బండి తలుపులో నలిగిందనే మీ అమ్మకు ఇన్నాళ్లుగా తెలుసు. ఆ ఏడాది సెలవుకు వచ్చినప్పుడు వాకిట్లోనే అలా చెప్పేశాను, తర్వాత దిద్దే ధైర్యం రాలేదు. ఇప్పుడు నువ్వు వెళ్లేవేళ అసలు సంగతి తెలిస్తే నిన్ను గడప దాటనివ్వదు. ఈ ఉత్తరం చదివి నీ దగ్గరే పెట్టుకో.

మీ మామయ్య