వస్తుందన్న ఆటకు ముందే డబ్బా?

పాఠకుల సందేహాలు – సమాధానాలు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వీడియో గేమ్‌ల మీద వచ్చిన ఉత్తరాలలో నాలుగింటిని ఈ సంచికకు తీసుకున్నాము. పేరు వేయవద్దని కొందరు కోరినందున ఎవరి పేరూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: కర్నూలులో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటుగా పనిచేస్తున్నాను. జీతంలో కొంత కొంత మిగుల్చుకొని, ఒక పెద్ద కంపెనీ గేమ్‌ను విడుదలైన రోజే దాదాపు ఐదు వేల రూపాయలు పెట్టి కొన్నాను. శని, ఆదివారాలు గడిచేసరికి అందులోని కథ అయిపోయింది. మెనూలో సగం గడులకు తాళం బొమ్మ, దాని కింద ‘త్వరలో’ అనే మాట కనిపిస్తున్నాయి. దుస్తులు, రంగులు అమ్మే దుకాణం గడి మాత్రం మొదటి రోజు నుంచే తెరిచి ఉంది. మా ఊళ్లో ఉగ్గాని బజ్జీకి డబ్బు తీసుకొని, ఉగ్గాని ఒక్కటే పెట్టి, బజ్జీ వచ్చే నెల ఇస్తామంటే ఊరుకుంటామా? ఈ కంపెనీలకు మాత్రం ఇది ఎలా చెల్లుతోంది?

జవాబు: మీ కోపం న్యాయమైనదే. మీ ఉత్తరంలో నన్ను ఆపింది బజ్జీ మాట కాదు, దుకాణం గడి మాట. ఆటలో ఏ భాగాన్ని ముందుగా పూర్తిచేశారో చూస్తే, ఆ ఆటను ఏ ఉద్దేశంతో తయారుచేశారో అర్థమైపోతుంది.

ఒకప్పుడు గేమ్‌ను అమ్మిన రోజుతోనే కంపెనీ లెక్క దాదాపు ముగిసేది. ఆ తర్వాత ఆట ఎలా ఉన్నా అది కొన్నవారి సొత్తు. 2013లో జీటీఏ ఆన్‌లైన్, 2017లో ఫోర్ట్‌నైట్ వచ్చి, ఒకే ఆట మీద ఏళ్ల తరబడి డబ్బు రాబట్టవచ్చునని చూపించిన తర్వాత పెద్ద కంపెనీలు చాలావరకు ఆ దారి పట్టాయి. దీనినే లైవ్ సర్వీస్ అంటున్నారు. సోనీ అయితే 2026 మార్చిలోగా ఇటువంటి ఆటలు పన్నెండు తెస్తామని ప్రకటించి, 2023 నవంబరు నాటికి ఆ గడువులో ఆరే వస్తాయని సర్దుకుంది. అయితే ఫోర్ట్‌నైట్ ఉచితమన్న సంగతిని అనుకరించినవారిలో చాలామంది సౌకర్యంగా మరిచిపోయారు. గుమ్మం దగ్గర పూర్తి ధర తీసుకొని, లోపలికి వెళ్లాక మళ్లీ దుకాణం తెరవడమే ఇప్పటి అసంతృప్తికి అసలు మూలం. ఉచితంగా ఇచ్చే ఆటలో సరుకు తక్కువగా ఉంటే విసుగు వస్తుంది. ఐదు వేలు పెట్టి కొన్న ఆటలో తక్కువగా ఉంటే మోసపోయామన్న భావన కలుగుతుంది.

ఇక సరుకు ఎందుకు పలుచగా ఉంటుందన్నది. ఒక కొత్త దశను, కొత్త శత్రువును, దానికి తగిన సంభాషణలను తయారుచేయడానికి పెద్ద బృందానికి నెలలు పడుతుంది. ఆడేవారు దానిని రెండు సాయంత్రాలలో ముగిస్తారు. ఈ పరుగుపందెంలో తయారీదారు గెలవడం దాదాపు అసాధ్యం. ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ ఆన్‌లైన్ ఆటను 2023 డిసెంబరులో రద్దుచేసినప్పుడు నాటీ డాగ్ సంస్థ ఈ మాటనే దాపరికం లేకుండా చెప్పింది: ఆ ఆటను విడుదల చేసి నిలబెట్టాలంటే సంస్థ వనరులన్నిటినీ ఏళ్ల తరబడి దానికే కేటాయించవలసి వస్తుందని, అప్పుడు తమకు పేరు తెచ్చిన ఒంటరిగా ఆడే కథల ఆటలు దెబ్బతింటాయని. ఆ మాట ముందే చెప్పి ఆగిపోయిన సంస్థను నేను గౌరవిస్తాను. మిగిలినవారిలో చాలామంది ఆ లెక్క తెలిసీ, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా అమ్మకం చూపించాలన్న తొందరలో, ఉన్నంతవరకు విడుదల చేసి, లేనిదాన్ని ‘రోడ్‌మ్యాప్’ అనే రంగుల పటంలో గీసి చూపిస్తారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లు, ఇంకా తయారు కాని సీజన్లకు, అంటే తర్వాత తెస్తామనే కొత్త విడతలకు, పేర్లు మాత్రం ముందే సిద్ధం.

ఆ పటం గతి ఏమవుతుందో తెలుసుకోవడానికి యాంథమ్ అనే ఆట కథ చాలు. బయోవేర్ వంటి పేరున్న సంస్థ తయారుచేయగా, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2019 ఫిబ్రవరిలో దానిని పూర్తి ధరకు విడుదల చేసింది. ఎగిరే కవచం తొడుక్కొని జలపాతాల మధ్య తిరగడం ఎంతో బాగుందని తిట్టినవారు కూడా ఒప్పుకున్నారు. కానీ కథ అయ్యాక చేయడానికి మిగిలినవి అవే రెండు మూడు రకాల పనులు. రోడ్‌మ్యాప్‌లోని అంశాలు ఒక్కొక్కటే వాయిదా పడ్డాయి. 2020 ఫిబ్రవరిలో ఆటను పునాదుల నుంచి మళ్లీ కడతామన్నారు. సరిగ్గా ఏడాదికి, 2021 ఫిబ్రవరిలో ఆ ప్రయత్నాన్ని మానుకున్నారు. చివరికి 2026 జనవరి 12న సర్వర్లు మూసేశారు. ఆ ఆట ఒంటరిగా ఆడడానికైనా సర్వర్ కావలసిందే కాబట్టి, ఆనాడు డబ్బు పోసి కొన్నవారి దగ్గర నేడు ఆడదగినది ఏమీ లేదు.

ఇది ఎలా చెల్లుతోందని అడిగారు. విడుదల కాకముందే ప్రీ ఆర్డర్ పేరుతో కట్టేవారు ఉన్నంతవరకు చెల్లుతుంది. రోడ్‌మ్యాప్‌ను పూర్తిగా పక్కనపెట్టి, ఈ రోజు తాళం లేని గడులలో ఏముందో, అది ఆ ధరకు తగునో లేదో మాత్రమే చూడండి. అంతవరకే చూస్తే తగినదనిపించిన ఆటను నిశ్చింతగా కొనవచ్చు. తర్వాత ఏమైనా వస్తే అది లాభం.

ప్రశ్న: అనంతపురంలో హాస్టల్‌లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాను. విడుదల రోజున బాగాలేని ఆటను కూడా కొనిపెట్టుకొమ్మని, ఏడాదిలో అదే బాగుపడుతుందని, నో మ్యాన్స్ స్కైని చూడలేదా అని స్నేహితులు వాదిస్తున్నారు. వారి మాట నిజమేనా?

జవాబు: చూశాము, కాబట్టే ఆ పేరు ఒక్కటే అందరి నోటా వినిపిస్తుంది. హలో గేమ్స్ అనే చిన్న బ్రిటిష్ సంస్థ 2016 ఆగస్టులో ఆ ఆటను విడుదల చేసినప్పుడు, జనం ఆశించిన మల్టీప్లేయర్, అంటే ఇతరులతో కలిసి ఆడే వీలు, అందులో లేదు. అది సరైన రూపంలో 2018 జులైలో వచ్చింది. ఆ తర్వాత కూడా పెద్ద పెద్ద అప్‌డేట్‌లను పైసా అడగకుండా ఇస్తూ వచ్చారు. ఫైనల్ ఫాంటసీ 14 కూడా అంతే: 2010లో విఫలమై, 2012లో మూతపడి, 2013 ఆగస్టులో కొత్త రూపంలో వచ్చి నిలబడింది. హేలో ఇన్ఫినిట్‌లో, 2021 డిసెంబరులో విడుదలైనప్పుడు లేని రెండు భాగాలు, అంటే తోటివారితో కలిసి ఆడే కథ, సొంతంగా మ్యాపులు కట్టుకునే ఫోర్జ్, 2022 నవంబరుకు గాని చేరలేదు. స్ట్రీట్ ఫైటర్ 5 అయితే 2016 ఫిబ్రవరిలో ఆర్కేడ్ మోడ్, అంటే కంప్యూటర్ నడిపే ప్రత్యర్థులతో వరుసగా తలపడే భాగం, లేకుండా వచ్చింది. పోరాటపు ఆటలకు అది పుట్టుకతో వచ్చిన భాగం, దానికోసం 2018 జనవరి దాకా ఆగవలసి వచ్చింది.

ఈ జాబితా చూసి ఆశపడేముందు రెండో జాబితా కూడా చూడండి. బాబిలాన్స్ ఫాల్ 2022 మార్చిలో వచ్చి, ఏడాది తిరగకుండానే 2023 ఫిబ్రవరిలో మూతపడింది. మార్వెల్స్ అవెంజర్స్ 2020 సెప్టెంబరులో వచ్చింది. మూడేళ్లకు అమ్మకమే ఆపేశారు. కాంకార్డ్‌ను సోనీ 2024 ఆగస్టు 23న నలభై డాలర్లకు అమ్మడం మొదలుపెట్టి, సెప్టెంబరు 6న సర్వర్లు మూసేసింది. ఏళ్ల తరబడి జరిగిన పని రెండు వారాలలో బుట్టదాఖలైంది. కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చారన్నది ఆ కథలో చెప్పుకోదగిన ఒకే ఒక మంచి మాట.

ఈ రెండు జాబితాలకు తేడా ఎక్కడుంది? నో మ్యాన్స్ స్కైని మొదటి రోజు నుంచీ ఒంటరిగా, నెట్ లేకుండా ఆడవచ్చు. ఆడేవారు తగ్గినా ఆట ఆగదు. నలుగురు కలిస్తేనే నడిచే ఆటలో సంగతి వేరు. సరుకు తక్కువ కాబట్టి జనం వెళ్లిపోతారు, జనం లేరు కాబట్టి మ్యాచ్ దొరకదు, మ్యాచ్ దొరకదు కాబట్టి మిగిలినవారూ వెళ్లిపోతారు, అప్పుడు కంపెనీ ఆ బృందాన్ని వేరే పనికి మళ్లిస్తుంది. మన వైపు ఆడేవారికి ఈ దెబ్బ మరింత త్వరగా తగులుతుంది: దగ్గరి సర్వర్‌లో జనం పలచబడితే దూరదేశపు సర్వర్‌కు కలుపుతారు, అక్కడ మన తూటా చేరేసరికి ఎదుటివాడు వెళ్లిపోయి ఉంటాడు. పైగా ‘బాగుచేశాము’ అంటూ వచ్చే అప్‌డేట్ చాలాసార్లు పదుల జీబీలలో ఉంటుంది. రోజుకు రెండు జీబీల డేటా ప్యాక్‌ను హాట్‌స్పాట్ పెట్టి నెట్టుకొచ్చే హాస్టల్ గదిలో ఆ అప్‌డేట్ దిగేలోపు ఇంకో అప్‌డేట్ వస్తుంది.

కాబట్టి మీ స్నేహితులు చెప్పిన ఓపికలో తప్పు లేదు, కొనిపెట్టుకొమ్మన్న సలహాలోనే తప్పుంది. కొనకుండా కూడా ఏడాది ఓపిక పట్టవచ్చు. ఆట నిజంగా బాగుపడితే అప్పటికి దాని ధర తగ్గి ఉండవచ్చు, బాగుపడకపోతే మీ డబ్బు మీ దగ్గరే ఉంటుంది. ఆడేవారి సంఖ్య నిలబడిందో లేదో తెలుసుకోవడానికి, కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఉన్న ఆటలకు ఆ లెక్క ఎవరైనా చూడగలిగేలా బహిరంగంగానే ఉంటుంది.

ప్రశ్న: మేము కడపలో ఉంటాము. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి ఫోన్‌లో ఆడే గేమ్ ఉచితమే అంటాడు, కానీ ప్రతి సీజన్‌కూ పాస్ కొనమని ఏడుస్తాడు. ‘ఇప్పుడు కొనకపోతే ఇవి మళ్లీ రావమ్మా’ అంటాడు. ఉచితమైన ఆటకు ఈ ఖర్చు ఏమిటి? ఇది కొత్త చట్టంలో నిషేధించిన ఆటల కిందికి రాదా?

జవాబు: రాదమ్మా. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి, తిరిగి డబ్బు వస్తుందన్న ఆశతో ఆడే ఆటలను నిషేధించింది. మీ అబ్బాయి కొనమంటున్నది ఆటలోని బొమ్మకు వేసే చొక్కా, తుపాకీకి వేసే రంగు. వాటి నుంచి డబ్బు తిరిగి రాదు.

మీ అబ్బాయి అడిగే పాస్‌ను బ్యాటిల్ పాస్ అంటారు, అది గడువు పెట్టిన పని. పాస్ కొన్నంత మాత్రాన వస్తువులన్నీ రావు, సీజన్ ముగిసేలోగా రోజూ ఆడి సంపాదించుకోవాలి. డబ్బూ మనదే, శ్రమా మనదే. మీ అబ్బాయి ‘మళ్లీ రావు’ అన్నాడంటే ఆ పథకం అనుకున్నట్లే పనిచేస్తున్నదని అర్థం. అందుకు పిల్లవాడిని తప్పుపట్టకండి, పెద్దవాళ్లే ఆ మాటకు లొంగుతున్నారు. ఆటలో వస్తువులు కొనడానికి వాడే నాణేలను కూడా లెక్క సరిపోని కట్టలుగా అమ్ముతారు: కావలసిన వస్తువు కొన్నాక కొన్ని నాణేలు మిగులుతాయి, ఆ మిగిలినవి వృథా అవుతాయేమోనని ఇంకో కట్ట కొంటారు.

అవి మీ అబ్బాయి సొంతం కావన్న మాట కూడా అతనికి చెప్పండి. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను మన ప్రభుత్వం నిషేధించినప్పుడు, వాటిలో కొనుక్కున్న వస్తువుల గతి ఏమవుతుందో తెలియక దిగులుపడిన పిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. పూర్తిగా వద్దనడం కంటే, మీరు ఇవ్వగలిగినంత నిర్ణయించి, ఆ మొత్తానికి గిఫ్ట్ కార్డు రూపంలో ఇవ్వండి. అది అయిపోతే మళ్లీ ఇచ్చేదాకా ఏమీ ఉండదు. మీ యూపీఐని, బ్యాంకు కార్డును మాత్రం ఆ ఖాతాకు కలపకండి. ప్లే స్టోర్ సెట్టింగులలో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు ఉంది, దానిని ఈ రోజే పెట్టండి.

ప్రశ్న: ప్రొద్దుటూరులో చిన్న గేమింగ్ పార్లర్ నడుపుతున్నాను. డబ్బు పెట్టి డిస్క్ కొన్న ఒక ఆట, సర్వర్ మూసేశారని ఇప్పుడు తెరుచుకోవడమే లేదు. డిస్క్ నా చేతిలోనే ఉంది కదా, అది నాది కాకుండా ఎలా పోయింది? డబ్బు తిరిగి రాబట్టే మార్గం ఉందా?

జవాబు: డిస్క్ మీదే, అందులోని ఆటను ఆడుకునే అనుమతి మాత్రమే మీకు అమ్మారు. మీ బాధే 2024లో ఒక ఉద్యమమైంది. యూబీసాఫ్ట్ 2014లో అమ్మిన ‘ది క్రూ’ అనే కార్ల ఆట సర్వర్లను 2024 మార్చి 31న మూసేసింది. ఒంటరిగా కారు నడుపుకోవడానికి కూడా వీలు లేకుండా పోయింది. దాని మీద మొదలైన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం, మూసేసిన ఆటను కొన్నవారు ఏదో ఒక రూపంలో ఆడుకోగలిగేలా వదిలి వెళ్లాలని కోరుతూ, యూరోపియన్ యూనియన్‌లో కావలసిన పది లక్షల సంతకాలను 2025లో దాటింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి, అమ్ముతున్నది అనుమతి మాత్రమేనని కొనేముందే స్పష్టంగా చెప్పాలన్న చట్టం అమలులోకి వచ్చింది. ఒత్తిడి వస్తే దారి దొరుకుతుందనడానికి సూసైడ్ స్క్వాడ్ ఆట ఉంది: కొత్త సరుకు ఆపేసేముందు, 2024 డిసెంబరులో, నెట్ లేకుండా ఆడుకునే మోడ్ ఇచ్చారు.

మన దగ్గర ఇలా మూసేసిన ఆటల కోసం ప్రత్యేకమైన చట్టం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలకూ, సేవాలోపానికీ వర్తిస్తుంది. ఫిర్యాదును మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా వేయాలి, చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. అయితే మీ విషయంలో ఒక చిక్కు ఉంది. వ్యాపార అవసరానికి కొన్నవారిని ఆ చట్టం వినియోగదారుగా లెక్కించదు. స్వయంఉపాధితో జీవనం కోసం కొన్నవారికి మినహాయింపు ఉంది కాబట్టి, పార్లర్‌ను మీరే నడుపుకుంటున్నారన్న సంగతి ఫిర్యాదులో రాయడం అవసరం. విదేశీ కంపెనీకి నోటీసు చేర్చడమే పెద్ద పని. అందుకని ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, మీకు అమ్మిన మన దేశపు విక్రేతను కూడా ఫిర్యాదులో చేర్చే వీలుందేమో అడగండి. బిల్లుతోపాటు డిస్క్ పెట్టె వెనుక అట్టను కూడా ఫొటో తీసి ఉంచండి: ఇంటర్నెట్ తప్పనిసరి అని దాని మీద ఏ సైజు అక్షరాలలో వేశారన్నది కమిషన్‌లో పనికివస్తుంది.

ఇకముందు కొనేవాటికి గడువులు గుర్తుంచుకోండి. స్టీమ్‌లో కొన్న పద్నాలుగు రోజులలోగా, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు తిరిగి ఇస్తారు. ప్లేస్టేషన్ స్టోర్‌లో పద్నాలుగు రోజుల గడువు ఉన్నా, డౌన్‌లోడ్ మొదలుపెడితే ఆ హక్కు సాధారణంగా పోతుంది. కాబట్టి అక్కడ కొనే ఆట గురించి ముందే నాలుగు చోట్ల విచారించి, ఆ తర్వాతే బటన్ నొక్కండి.