ఎవరూ చెప్పని మన చరిత్ర కథలతో పాడ్‌కాస్ట్ పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

అడిగినవారు రెండు విషయాలు అడిగారు. పాఠ్యపుస్తకాల్లో లేని మామూలు జనం కథలు ఎక్కడ దొరుకుతాయి, రికార్డింగ్‌కి ఏ మైక్ కొనాలి అని. మైక్ సంగతి చివర్లో చెప్తాను, అదేం పెద్ద విషయం కాదు. మొదటిదానికి నా జవాబు ఏంటంటే, మీ వీధిలో డెబ్బై దాటినవాళ్ళు ఎవరున్నారో చూసి ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. లైబ్రరీకి తర్వాతైనా వెళ్ళొచ్చు.

నేను ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో ఒక చిన్న పాడ్‌కాస్ట్ నడుపుతున్నాను. విషయం ఒక్కటే, ఉత్తరాంధ్ర నుంచి బర్మా వెళ్ళినవాళ్ళ కథలు. మా వైపు రంగూన్‌ని రంగం అంటారు. మా తాతగారి నాన్న రంగం వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. మా ఇంట్లో ఆయన గురించి మిగిలింది ఈ ఒక్క మాటే. ఫోటో లేదు, ఉత్తరం లేదు, ఏ సంవత్సరం ఓడెక్కాడో చెప్పేవాళ్ళు లేరు. పక్కింట్లో అడిగితే వాళ్ళ ముత్తాత గురించీ అదే మాట. శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా తీరం వెంబడి ఇలాంటి మాట వినబడని వీధి ఉండదని నా గట్టి నమ్మకం.

అసలు ఎంత పెద్ద వలసో చూడండి. బర్మాని ఇంగ్లీషువాళ్ళు ముక్కలుముక్కలుగా గెలుచుకుని 1886లో ఇండియాలో ఒక రాష్ట్రంగా కలిపేశారు. అక్కడ వరి విపరీతంగా పండుతోంది, మిల్లులకీ రేవుకీ కూలీలు కావాలి, ఇక్కడ మనవాళ్ళకి కరువు, అప్పులు. గోపాలపూర్, బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ, ఈ రేవులన్నిటి నుంచీ రంగూన్‌కి ఓడలు. ఓడ లోతు నీళ్ళలో ఆగేది, ఒడ్డు నుంచి పడవల్లో వెళ్ళి ఎక్కాలి. డెక్ మీదే పడక, డెక్ మీదే తిండి. టిక్కెట్టు డబ్బు కూలీలని కుదిర్చి పంపే మేస్త్రి పెట్టేవాడు, ఆ బాకీ తీరేదాకా కూలీ వాడి చేతిలో మనిషే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ ఊళ్ళో సగానికి పైగా జనం ఇండియా నుంచి వెళ్ళినవాళ్ళే. రేవులో బియ్యం బస్తాలు మోసినవాళ్ళలో చాలామంది తెలుగువాళ్ళు. 1930 మే నెలలో ఆ రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే కంపెనీలు బర్మా కూలీలని పనిలో పెట్టుకున్నాయి, సమ్మె తేలగానే వాళ్ళని పొమ్మన్నాయి, మే 26న మొదలైన గొడవల్లో వందమందికి పైగా చచ్చిపోయారు. చచ్చిపోయినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. ఇందులో ఒక్క ముక్క నాకు బళ్ళో ఎవరూ చెప్పలేదు. పానిపట్టు యుద్ధాలు మూడూ తేదీలతో సహా బట్టీపట్టించారు, మా ఊరి రేవు నుంచి వేలమంది ఎక్కడికి వెళ్ళారో మాత్రం చెప్పలేదు. ఇది నాకు ఇప్పటికీ కోపమే.

సరే, అసలు సంగతికి వస్తాను. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అని ఉంది. 1962లో బర్మాలో సైన్యం అధికారం పట్టాక, 1964లో దుకాణాలు జాతీయం చేసి, యాభై, వంద చాట్‌ల నోట్లు రద్దు చేశాక, తిరిగొచ్చిన లక్షలమందిలో కొందరు అలాంటి కాలనీల్లో స్థిరపడ్డారు. మద్రాసులో బర్మా బజార్ కూడా అలా వెలిసిందే. ఆ ఓడల్లో వచ్చిన ఒక మామ్మ గురించి స్నేహితుడి ద్వారా తెలిసింది. వచ్చేనాటికి ఆవిడకి పద్నాలుగేళ్ళు ఉంటాయి. పేరు చెప్పను, ఆవిడ వద్దంది.

నేను వెళ్ళేసరికి వరండాలో చాప మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఫోన్ చాప మీద పెట్టి ఆన్ చేశాను. మొదట ఏమీ చెప్పలేదు. "ఏటి సెప్పీది బాబూ, కూలోళ్ళం, ఎల్లాం, ఒచ్చీసినాం" అంది. ఇలాంటి ప్రతి మనిషీ మొదట ఇదే అంటారు, దానికి దడవకండి. నేను చరిత్ర అడగడం మానేసి, అక్కడ పొద్దున్న ఏం తినేవారు మామ్మా అని అడిగాను. అంతే, చేపల పులుసులో సన్న సేమ్యా వేసి వీధిలో అమ్మే మొహింగా గురించి మొదలుపెట్టి, బడి, బడిలో బర్మా పాటలు, మొహానికి రాసుకునే తనకా అనే చెక్క అరగదీసే రాయి, నాన్న పనిచేసిన బియ్యం మిల్లు, ఇలా ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి వచ్చేశాయి.

మధ్యలో కూరగాయలావిడ గుమ్మంలోకి వచ్చింది. మామ్మ లేచి వెళ్ళి బెండకాయల దగ్గర గట్టిగా బేరమాడింది, మా యాసలోనే, ఒక రూపాయి కూడా వదల్లేదు. తర్వాత కొంగుముడి విప్పి డబ్బులు లెక్కపెడుతోంది. పెదాలు మాత్రమే కదిలేంత చిన్న గొంతుతో తిత్, హ్నిత్, తోన్, లే, ఙా అంటోంది. బర్మా భాషలో ఒకటి రెండు మూడు నాలుగు అయిదు. లోపలనుంచి కాలేజీ చదివే మనవరాలు వచ్చి "మామ్మా, ఏంటది?" అంది. ఆ పిల్ల పుట్టి పెరిగింది ఆ ఇంట్లోనే, ఎప్పుడూ వినలేదట. మామ్మకే తెలీదు తను అలా లెక్కపెడుతుందని. అరవై ఏళ్ళు తెలుగు దేశంలో బతికింది, పెళ్ళి ఇక్కడే, పిల్లలు ఇక్కడే, లెక్క మాత్రం చిన్నప్పుడు బడిలో పడిన భాషలోనే ఉండిపోయింది. ఆ ముక్క నా ఫోన్‌లో పడింది, బెండకాయల బేరంతో సహా. ఎన్ని పుస్తకాలు తిరగేసినా నాకిది దొరికేది కాదు. పాడ్‌కాస్ట్‌కి ఉన్న బలం ఇదేనని నేను వాదిస్తాను, ఎవరితోనైనా వాదిస్తాను.

ఆ తర్వాత ఓడెక్కిన రోజు చెప్పింది. నోట్లు రద్దయిన రాత్రి "మా నాయిన తెల్లార్లూ కూకుండిపోనాడు" అంది. డబ్బు, బంగారం పట్టుకెళ్ళడానికి లేదు. రేవులో తనిఖీ చేసే మనిషి వాళ్ళమ్మని పుస్తెలు తియ్యమన్నాడు. "మాయమ్మ తీనంది. ఎనకాల పెద్ద లైనుంది. మా నాయిన ఏటీ అన్లేదు, కిందకి సూస్తన్నాడు. అప్పుడు మాయమ్మ పుస్తులు తీసి బల్లమీద ఎట్టీసి, పసుపుతాడు మాత్రం మళ్ళీ మెళ్ళో కట్టీసుకుంది. ఆ తాడుతోనే ఇశాపట్నంలో దిగింది." ఇది చెప్పేటప్పుడు ఏడవలేదు. చింతపండు పిక్కలు తీస్తూనే ఉంది, రికార్డింగ్‌లో పిక్క గిన్నెలో పడ్డ చప్పుడు వినిపిస్తుంది.

వాళ్ళ నాయనమ్మ కథ ఇంకా పాతది. 1941 డిసెంబర్ 23న, మళ్ళీ 25న, జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు కూలీలు చాలామంది ఆ దాడుల్లోనే పోయారు. జనం పారిపోతుంటే, కూలీలు వెళ్ళిపోతే రేవు ఆగిపోతుందని మగవాళ్ళని డెక్ టిక్కెట్ల మీద ఓడ ఎక్కనివ్వలేదు. ఇక మిగిలింది నడక. ప్రోమ్ అనే ఊరి దాకా వెళ్ళి, ఇరావతి నది దాటి, అరకాన్ కొండల మీదుగా తౌంగప్ అనే ఊరు, అక్కడినుంచి పడవల్లో చిట్టగాంగ్ వైపు. కొందరు మణిపూర్ దారి పట్టారు. ప్రోమ్‌లోనే కలరా పట్టుకుంది. మొత్తమ్మీద నాలుగు లక్షలకు పైగా జనం అలా ఇండియా చేరారు, దారిలో వేలమంది రాలిపోయారు. ఆ నాయనమ్మతో కలిసి నడిచొచ్చిన కొడుకే ఈ మామ్మకి నాన్న. ఊరు చేరి, యుద్ధం అయ్యాక మళ్ళీ అదే రంగం వెళ్ళాడు. ఎందుకెళ్ళాడు మామ్మా అంటే "ఇక్కడేటుంది బాబూ" అంది. ఈ రెండు ముక్కల జవాబు మీద మన ఆర్థిక శాస్త్రవేత్తలు ఎంతైనా రాసుకోవచ్చు.

ఆ ఎపిసోడ్ పెట్టాక వచ్చిన వాయిస్ మెసేజ్‌లలో ఒకటి నాకు బాగా గుర్తు. ఉద్దానం వైపు కుర్రాడు, గల్ఫ్‌లో వెల్డర్. మేస్త్రి బాకీ గురించి విన్నప్పుడు తన ఏజెంట్ గుర్తొచ్చాడట, వీసా డబ్బులు ఇంకా కడుతూనే ఉన్నాడట. నూరేళ్ళ కింద కళింగపట్నంలో ఓడెక్కినవాడికీ వీడికీ మధ్య ఏం మారింది చెప్పండి.

ఇక నా ఫిర్యాదులు. తెలుగులో చరిత్ర పాడ్‌కాస్ట్ అనగానే రాజులు, కోటలు, నిధి ఎక్కడుంది, శాపం ఎవరిచ్చారు. వెనకాల సినిమా ట్రైలర్‌కి పెట్టినట్టు డప్పుల మ్యూజిక్. ఈమధ్య కంప్యూటర్ గొంతుతో చదివించడం కూడా మొదలైంది, ఆ గొంతుకి ఊరి పేరు కూడా సరిగా పలకదు. దయచేసి ఆ దారిలో వెళ్ళకండి. రెండోది యాస. నాకు ఒకాయన సలహా ఇచ్చాడు, మామ్మ మాటలు కట్ చేసి మీరే మంచి తెలుగులో చెప్పెయ్యండి, అందరికీ అర్థమవుతుంది అని. మంచి తెలుగు అంటే ఏంటండీ? "ఒచ్చీసినాం" అన్న మాటని "వచ్చేశాము" అని మార్చాక అది ఆవిడ మాట ఎలా అవుతుంది? సినిమాల్లో మా యాస వినిపిస్తే పనిమనిషిదో కామెడీ పాత్రదో అయ్యుంటుంది, కనీసం ఇక్కడైనా ఆ యాసలో చరిత్ర వినబడనివ్వండి. గుంటూరు వాళ్ళకి ఒకటి రెండు మాటలు అర్థం కాకపోతే రెండోసారి వింటారు.

మూడో రకం వాళ్ళు ఆధారాలు చూపించమంటారు. ఆధారం అడగడం తప్పు కాదు, ఓడల వివరాలు, జనాభా లెక్కలు, పాత పేపర్లు చూసి సరిపోల్చుకోవాల్సిందే, నేనూ చేస్తాను. కానీ డెక్ మీద పడుకుని వెళ్ళిన నిరక్షరాస్యుడైన కూలీ డైరీ రాసి పెట్టలేదని అతని కథని పక్కన పెడితే ఎలా? కాగితం ఉన్నవాడిదే చరిత్ర అయితే, కాగితం ఎవరి దగ్గర ఉంటుందో మనకి తెలుసు. బారువ దగ్గర 1917లో కాలి మునిగిన చిల్కా అనే ఓడ ఇంకా నీళ్ళ అడుగున ఉంది, స్కూబా డైవింగ్ వాళ్ళు దిగి చూసొస్తున్నారు, ఫోటోలు పెడుతున్నారు. ఇనుముకి ఉన్న గౌరవం అందులో ప్రయాణం చేసిన మనుషులకి కూడా ఇవ్వాలి కదా.

మీది ఉత్తరాంధ్ర కాకపోతే బర్మానే పట్టుకోవాలని లేదు. మీ ఊళ్ళో చేనేత మగ్గాలు ఎప్పుడు ఆగిపోయాయి, సారా ఉద్యమంలో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు ఏం చేశారు, మీ అమ్మమ్మ ఊరిలో సురభి నాటకం వాళ్ళు డేరా వేసినప్పుడు ఎవరింట్లో వంట జరిగేది, ఏదైనా సరే. 1993లో సారా నిషేధం తెచ్చిన ఆడవాళ్ళలో చాలామంది ఇంకా మన మధ్యే ఉన్నారు.

ఇప్పుడు మైక్. మామూలు ఫోన్ చాలు. ఫ్యాన్ ఆపండి, లోపల మిక్సీ, కుక్కర్ లేని టైమ్ చూసుకోండి, ఫోన్ మనిషికి జానెడు దూరంలో మెత్తటి గుడ్డ మీద పెట్టండి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మరిచిపోకండి. వింటున్నంతసేపూ "ఊ, ఊ" అని గొంతు కలపకుండా తల ఊపండి. మొదటి ప్రశ్న తిండి గురించి అడగండి, లేకపోతే చెప్పులు, బట్టలు, పడుకునే చోటు. "మీ అనుభవాలు చెప్పండి" అని మాత్రం అడగొద్దు, పెద్దవాళ్ళు సభలో మాట్లాడినట్టు మాట్లాడేస్తారు. బయట పెట్టొచ్చా అని అదే రికార్డింగ్‌లో అడిగి ఒప్పుకోలు తీసుకోండి, ఏదైనా ముక్క వద్దంటే అది తీసెయ్యండి, బతిమాలకండి. ఎడిట్ చేసినా అసలు ఫైల్ పూర్తిగా రెండు చోట్ల దాచండి, ఫైల్ పేరులో ఊరు, తేదీ రాయండి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ ఇంటివాళ్ళకే ఇవ్వండి. మిగతా సందేహాలు ఉంటే కింద అడగండి, రంగం వెళ్ళినవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే అది కూడా రాయండి, నేను వచ్చి రికార్డ్ చేసుకుంటాను.