బయాలజీ మొదటి పాఠాలకే పాప బెదిరిపోతే బైపీసీ మానిపించాలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. రొయ్యల గుంటలు చేస్తాం. పాపకు పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయని బైపీసీలో చేర్చాం. గుంటల దగ్గరికి కూడా రానివ్వకుండా చదివిస్తున్నాం. రెండు నెలలైంది, బయాలజీ పరీక్షల్లో వందకు ముప్పై దాటడం లేదు. కణం, పరమాణువులు, బంధాలు అంటే హడలిపోతోంది. ‘బయాలజీలో ఈ కెమిస్ట్రీ ఎందుకు?’ అని ఏడుస్తోంది. ఎంపీసీకి మార్చేయాలా? నీట్ వదిలేసి బీటెక్ బయోటెక్నాలజీ అనుకుంటే ఇంత కష్టం ఉండదంటున్నారు. ఏది మేలు?

జవాబు: ఇప్పుడు గ్రూపు మార్చకండి. ఇంటర్ మొదలైన రెండో నెలలో ఏటా ఇదే ప్రశ్న వస్తుంది. ఊరు మారుతుంది, లోపలి భయం మారదు: బిడ్డను తప్పుదారిలో పెట్టామా, కట్టిన ఫీజు నీళ్లపాలేనా అని. రెండు నెలల మార్కులు చూసి అంత దూరం వెళ్లకండి. మీ పాప అడిగింది చాలా మంచి ప్రశ్న. దానికి ఎవరూ జవాబు చెప్పకపోవడమే ఇక్కడ లోపం.

జవాబు మీ గుంటలోనే ఉంది. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒక నైట్రోజన్ పరమాణువుకు మూడు హైడ్రోజన్‌లుంటే అమ్మోనియా. దానికి ఒక హైడ్రోజన్ అయాన్ (విద్యుదావేశం ఉన్న హైడ్రోజన్) తోడైతే అమ్మోనియం. అమ్మోనియానికి విద్యుదావేశం లేదు కాబట్టి మొప్పల్లోని కణాల పొరను సులువుగా దాటి లోపలికి పోతుంది, రొయ్యకు విషమవుతుంది. ఆవేశం ఉన్న అమ్మోనియం అంత తేలిగ్గా దాటలేదు. మధ్యాహ్నం ఎండకు నీళ్లలోని పాచి కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటే పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె) పెరుగుతుంది, అమ్మోనియం నుంచి ఆ అయాన్ ఊడిపోయి విషపు అమ్మోనియా మిగులుతుంది. 28 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7.5 ఉంటే విషరూపం నూటికి సుమారు రెండు పాళ్లే. 9కి చేరితే నలభై దాకా పోతుంది. కిట్‌లో మొత్తం అమ్మోనియా అంకె మారకపోయినా రొయ్యలు మేత మానేయడానికి ఇదొక కారణం. బయాలజీలో కెమిస్ట్రీ ఎందుకో పాపకు ఇలా చెప్పండి.

ఇక మీతో ఒక మాట గట్టిగానే అనాలి. మేత వేశాక చెక్ ట్రే (రొయ్యలు ఎంత తిన్నాయో చూసే పళ్లెం) ఎత్తి చూస్తారు. మేత మిగిలితే ఆక్సిజన్ పడిపోయిందా, మోల్టింగ్ (పెంకు విడిచే) రోజులా, జబ్బా అని అనుమానిస్తారు. పుస్తకంలో పరికల్పన అన్నది అదే. తెల్లవారుజామున ఆక్సిజన్ కొలుస్తారు, అది పరీక్ష. మేత తగ్గించడం, ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) పెంచడం, మందు చల్లడం మూడూ ఒకే రోజు చేస్తే ఏది పనిచేసిందో తేలదు. ఒక గుంటలో ఒక్కటే మార్చి, పక్క గుంటను ఉన్నట్టే ఉంచితే ఆ పక్కది కంట్రోల్, అంటే పోల్చి చూసుకునేది. మొదటి పాఠమంతా మీ గట్టు మీద నడుస్తుంటే, బిడ్డను దాని దరిదాపులకు రానివ్వకుండా గదిలో కూర్చోబెట్టి నిర్వచనాలు వల్లెవేయిస్తున్నారు. మీరు చేస్తున్నది తప్పు. ఆదివారం పూట రెండు గంటలు వెంట తీసుకుపోండి. కొలిచిన అంకెలు ఆమె చేతే రాయించండి.

ఇంట్లో చేయదగ్గ ప్రయోగం ఒకటుంది. ఒకే బంగాళాదుంప తొక్క తీసి, 5 సెంటీమీటర్ల పొడవు, 1 సెంటీమీటర్ మందంతో మూడు ముక్కలు కోయాలి. మూడు గ్లాసుల్లో 200 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు పోసి, ఒకదాన్ని ఉత్త నీళ్లుగా వదిలి, రెండోదాంట్లో 2 గ్రాములు, మూడోదాంట్లో 10 గ్రాముల ఉప్పు కలపాలి. ముక్కలు తూచి వేసి, రెండు గంటలకు తీసి, తడి అద్ది మళ్లీ తూచాలి. ఉత్త నీళ్లలోది బరువెక్కి బిగుసుకుంటుంది, 10 గ్రాములదాంట్లోది మెత్తబడి బరువు తగ్గుతుంది. మధ్యదాని సంగతి ముందే ఊహించి రాయమనండి. ఫలితం తేడాగా వస్తే సాధారణంగా కారణాలు ఇవే: తడి అద్దకపోవడం, మందం సమంగా లేకపోవడం, వేరువేరు దుంపలు వాడటం. హేచరీ (రొయ్య పిల్లల్ని పొదిగించే కేంద్రం) నుంచి తెచ్చిన సీడ్‌ను, అంటే రొయ్య పిల్లల్ని, తక్కువ ఉప్పున్న నీళ్లకు మెల్లమెల్లగా ఎందుకు అలవాటు చేస్తారో అప్పుడు చెప్పండి, ఆస్మాసిస్ (ఉప్పు తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకు కణపొర గుండా నీరు పోవడం) మళ్లీ మరిచిపోదు.

కాలేజీ ల్యాబ్‌లో ఉల్లిపొర స్లైడ్ తనే వేయాలి. కవర్ స్లిప్పును ఒక అంచు ఆనించి ఏటవాలుగా దించాలి. ఒక్కసారిగా పడేస్తే గాలి బుడగలొస్తాయి, నల్లని అంచున్న ఆ బుడగలనే పిల్లలు కణాలనుకుని బొమ్మ గీసేస్తారు. ముందు 10 రెట్ల కటకంతో వెతికి, తర్వాతే 40కి పోవాలి.

పరమాణువుల దగ్గర మొత్తం పట్టిక అక్కర్లేదు. హైడ్రోజన్‌కు ఒక బంధం, ఆక్సిజన్‌కు రెండు, నైట్రోజన్‌కు మూడు, కార్బన్‌కు నాలుగు. నానబెట్టిన శనగలు, టూత్‌పిక్‌లు ఇచ్చి నీరు, అమ్మోనియా, మీథేన్ కట్టమనండి. వారం చాలు. కొలతల్లో తికమక పోవాలంటే ఒకటి గుర్తుంచుకోవాలి: పరమాణువు అడ్డం సుమారు 0.1 నానోమీటరు, కాబట్టి ఒక మైక్రోమీటరు పొడవున్న బ్యాక్టీరియా అంత దూరానికి పదివేల పరమాణువులు వరుసగా పడతాయి. రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా అలాంటి కణమే. రొయ్యలకు తెల్లమచ్చ జబ్బు తెచ్చే వైరస్ అసలు కణమే కాదు, అందుకే యాంటీబయాటిక్ దాన్నేమీ చేయలేదు.

బయోటెక్నాలజీ తేలికని మీకు చెప్పినవాళ్లు సిలబస్ చూసి ఉండరు. మీ పాపను భయపెడుతున్న కణం, అణువు, బంధం అక్కడ నాలుగేళ్లూ ఉంటాయి, పైన గణితం కూడా. పేరు కొత్తగా ఉందని చేరినవాళ్లలో చాలామందికి డిగ్రీ చేతికొచ్చాక గానీ తెలియదు, పరిశోధన ఉద్యోగానికి ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ దాకా చదవాలని. ఆ ఓపిక ఉన్న పిల్లకు అది మంచి చదువే. నీట్ నుంచి తప్పించుకోవడానికైతే వద్దు. కాలేజీ చూడటానికి వెళ్తే బిల్డింగు చూసి రాకండి. పీసీఆర్ యంత్రం (డీఎన్ఏకు నకళ్లు తీసేది) పనిచేస్తోందా, ప్రాక్టికల్‌లో ఒక్కో జెల్‌కు (డీఎన్ఏ ముక్కల్ని సైజువారీగా వేరుచేసే పలక) ఎంతమంది పిల్లలు, ఎవరి చేత్తో నడుపుతారు అని రెండో ఏడాది విద్యార్థుల్ని విడిగా అడగండి.

ఎంపీసీతో పోలిక ఒక్క మాటలో తేలుతుంది: పాపకు గణితం ఇష్టమని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. బైపీసీ అంటే డాక్టరు సీటొక్కటే అని బెంగపడకండి. మీకు దగ్గర్లోనే ముత్తుకూరులో ఫిషరీ సైన్స్ కాలేజీ ఉంది, నాలుగేళ్ల బీఎఫ్ఎస్సీ (చేపలు, రొయ్యల పెంపకం చదివే డిగ్రీ). రొయ్యల ఇంట పుట్టిన పిల్లకు ఆ చదువు పరాయిది కాదు. వ్యవసాయం, పశువైద్యం, ఫార్మసీ కూడా ఇటువైపువే.

ఆరు వారాలు పైన చెప్పినట్టు చేయించి, పరీక్ష పేపర్లు ముందు పెట్టుకుని లెక్చరర్‌తో కూర్చోండి. మార్కులు ఎక్కడ పోతున్నాయో చూడండి: బొమ్మలోని భాగాల పేర్లలోనా, ‘ఎందుకు’ అన్న ప్రశ్నల్లోనా, లేక ప్రశ్నలోని ఇంగ్లిషు అర్థంకాకనా. మూడోదైతే బయాలజీకి ట్యూషన్ పెట్టకండి, రోజుకు పది పదాలు తెలుగు అర్థంతో నోట్‌బుక్‌లో రాయించండి.