తాళం ఆగిన చోటు

అమ్మలూ,

మీ డాన్స్ టీచరు గారి మీద నువ్వు రాసి పంపింది రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్లు చెమర్చాయి. రెండోసారి చదువుతుంటే మాత్రం నువ్వు తొందరపడ్డావనిపించింది.

"భర్త పోయిన దుఃఖాన్ని ఆమె నాట్యంగా మలుచుకున్నారు" అన్నావు. ఆ సంగతి నీకెలా తెలిసింది? ముప్పై ఏళ్లు ఆమెకు మృదంగం వాయించిన మనిషి పోయారు. పదకొండో నెలలో ఆమె మళ్లీ గజ్జె కట్టారు. నువ్వు చూసింది అంతవరకే. ఆ రెండింటి మధ్య ఏం జరిగిందో ఆమెకే ఇంకా తెలిసి ఉండదు.

కజువో ఓనో అని జపాన్‌లో ఒక నర్తకుడు ఉండేవారు. 1929లో టోక్యోలో లా అర్జెంటీనా అనే స్పానిష్ నర్తకి ప్రదర్శన చూశారు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. ఆ తర్వాత యుద్ధం వచ్చింది. సైన్యంలోకి వెళ్లారు, బందీగా గడిపారు, తిరిగి వస్తూ ఓడలో తోటివాళ్ల చావులు చూశారు. సొంతంగా మొదటి ప్రదర్శన ఇచ్చింది 1949లో. నలభై దాటాక! ఆ స్పానిష్ నర్తకి ఎప్పుడో 1936లోనే చనిపోయింది. ఆమెను తలుచుకుంటూ ఈయన చేసిన నాట్యం రంగం మీదికి వచ్చింది మాత్రం 1977లో, తన డెబ్బై ఒక్కేళ్ల వయసులో. ఆమెను చూసినప్పటి నుంచి లెక్క వేసుకో, నలభై ఎనిమిదేళ్లు. ఆ తర్వాతే ప్రపంచం ఆయన్ని చూసింది. నడవలేని రోజుల్లో కూడా చక్రాల కుర్చీలో కూర్చుని చేతులతో నాట్యం చేశారు. 2010లో, 103 ఏళ్ల వయసులో పోయారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మనసులో పడ్డది ఒంట్లోకి దిగడానికి ఎంత కాలం పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఏడాది తిరక్కుండానే నువ్వు దానికి ముగింపు రాసేశావు.

ఇక వయసు సంగతి. "వయసు మీద పడినా" అనే మాట నీ నాలుగు పేజీల్లో ఆరుసార్లు వచ్చింది. నేనూ ఒకప్పుడు ఇలాగే రాశాను. ఒక పెద్ద కళాకారిణి గురించి రాసి, ఆమెకే చూపించాను. చదివి, కాగితాలు మడిచి నా చేతిలో పెట్టి, "మోకాళ్ల గురించి ఇంత రాశావు, కళ్ల గురించి ఏం రాయలేదేమమ్మా?" అన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి ఏడ్చాను. ఆవిడ అడిగింది నిజం. ఆమె అభినయం చేస్తుంటే గంటన్నర ఎదురుగా కూర్చుని, నేను మోకాళ్లే చూశాను.

అరమండి, అదే మోకాళ్లు వంచి సగం కూర్చున్నట్టు నిలబడటం, తగ్గుతుంది, గెంతడం తగ్గుతుంది, నిజమే. కానీ మన కలావంతులు, అదే ఒకప్పుడు ఆటాపాటా వృత్తిగా ఉన్న ఆడవాళ్లు, క్షేత్రయ్య పదాన్ని, అంటే ఆయన శృంగార పాటను, కూర్చునే అభినయించేవారు. వయసు వచ్చి కాదు, అదొక పద్ధతి. పాడుతూ, పాటలో ఒకే పంక్తిని తిప్పి తిప్పి పాడుతూ, ప్రతిసారీ ఇంకో అర్థం చూపించేవాళ్లు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు మగవాడై ఉండి, అరవై దాటాక కూడా భామాకలాపం అనే కూచిపూడి నాటకంలో సత్యభామగా వేదిక ఎక్కేవారు. కృష్ణుడి మీద అలిగి, ఆ అలక నిలవక, చివరికి తనే ఉత్తరం రాసుకునే సత్యభామ ఆవిడ. ఆ ఉత్తరం రాసే ఘట్టానికి చురుకైన కాళ్లు కావాలా, చెప్పు?

మొన్న ఫోన్లో నువ్వు ఒక మాట అన్నావు. టీచరు గారు క్లాసులో కుర్చీలో కూర్చుని తాళాలు వాయిస్తూ జతి, అదే అడుగులకు పలికే తకధిమి, చెబుతారు కదా, తీర్మానం, అంటే జతి ముగింపు, దగ్గరికి వచ్చేసరికి ఇప్పుడు చేతులు ఒక్క క్షణం ఆగుతున్నాయన్నావు. పిల్లలు అడుగు తప్పుతున్నారని కూడా అన్నావు. సార్ ఉన్నప్పుడు ఆ చోట మృదంగం మీద చిన్న ముక్క వేసి అందించేవారట. అది వ్యాసంలో ఎక్కడా లేదేంటి? "చిన్న విషయం కదా అని వదిలేశా" అన్నావు. నా మటుకు నాకు, నువ్వు రాసినదంతా పక్కన పెట్టి ఆ ఒక్క క్షణం పట్టుకుంటే చాలు.

దాన్ని ఆమెను అడగకు. అడిగితే రేపటి నుంచి ఆ ఆగడం ఉండదు, ఆమెకు తెలిసిపోతుంది. క్లాసుకు వెళ్లి గోడ పక్కన కూర్చో. ఏ జతికి ఆగుతున్నారు, అన్నిటికీనా, ఆయనకు ఇష్టమైన వాటికేనా? అప్పుడు కళ్లు ఎటు చూస్తున్నాయి? మృదంగం ఉండే మూల ఇప్పుడు ఖాళీగా ఉందా, ఎవరైనా సంచులు పెడుతున్నారా?

స్టేజీ, చప్పట్లు ఉన్న పేజీ తీసెయ్. నెలో రెండు నెలలో పట్టనీ, టెన్షన్ పడకు. రాశాక టైపు చేయకుండా చేతిరాతే పంపు, కొట్టివేతలతో సహా. నువ్వు ఎక్కడ ఆగావో నాకు తెలియాలి.

నీ
పెద్దమ్మ