పాత సెస్నా విమానాన్ని బెంగళూరు తెచ్చుకోవాలంటే ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ఎలహంక నుంచి ఒక సార్ రాశారు. వయసు 51, అమెరికాలో పదేళ్లు ఉండి వచ్చేశారు, గ్రీన్ కార్డ్ లేదు, కానీ అక్కడున్నప్పుడు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ తీస్కున్నారు. అక్కడి ఫ్రెండ్ తన 1946 మోడల్ సెస్నా 140ని 32 వేల డాలర్లకి ఇస్తానంటున్నాడట, దాన్ని రెక్కలు విప్పి కంటైనర్‌లో తెప్పించి, వీటీ నంబర్ (అంటే ఇండియా రిజిస్ట్రేషన్) వేయించి జక్కూరు ఎయిర్‌ఫీల్డ్‌లో పెట్టుకోవాలని ఈయన ఆశ. చేతిలో 30 లక్షల ఎఫ్‌డీ, 74 లక్షల మ్యూచువల్ ఫండ్స్ ఉన్నాయి, హోమ్ లోన్ ఇంకా 38 లక్షలుంది, అమ్మాయి బీటెక్ సెకండియర్. ఎఫ్‌డీ బ్రేక్ చేయనా, ఫండ్స్ అమ్మనా, హ్యాంగర్‌కి (విమానం పెట్టే షెడ్) అడ్వాన్స్ ఇప్పుడే ఇచ్చేయనా అని ప్రశ్న.

సార్, హ్యాంగర్ అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు అవుతుంది. ఎందుకంటే మీ అసలు సమస్య డబ్బు కాదు, ఆ విమానం వయసు. దిగుమతి చేసే విమానాల వయసు మీద మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రూల్ పెట్టింది. మీ సెస్నా లాంటి ప్రెజరైజ్డ్ కాని (లోపల గాలి ఒత్తిడి నిలబెట్టే ఏర్పాటు లేని) చిన్నవాటికి రికార్డులన్నీ చూసి కేసుని బట్టి నిర్ణయం తీస్కుంటారు గానీ 20 ఏళ్లు దాటితే మామూలుగా ఒప్పుకోరు. మీదేమో దాదాపు 80 ఏళ్లది. మరి 2018లో బ్రిటన్ నుంచి పాత డకోటా విమానం వచ్చింది కదా అంటారేమో, అది రాజీవ్ చంద్రశేఖర్ గారు బాగు చేయించి ఎయిర్‌ఫోర్స్‌కి గిఫ్ట్ ఇచ్చింది, దాని దారి వేరు, మీరు డీజీసీఏ కౌంటర్ దగ్గరికే వెళ్లాలి.

సరే, ఒప్పుకున్నారే అనుకుందాం, అప్పుడు లెక్క చూడండి. విమానం 32 వేలు, విప్పడం, ప్యాకింగ్, కంటైనర్, ఇన్సూరెన్స్ కలిపి ఇంకో 12 వేలు వేస్కోండి (ఇది నా అంచనా, మీరు కొటేషన్ తెప్పించుకోండి), మొత్తం 44 వేల డాలర్లు, డాలర్ 90 అనుకుంటే 39 లక్షల 60 వేలు. సొంత వాడకానికి తెచ్చే విమానాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం, అంతకుముందు 28 మీద 3 శాతం సెస్ ఉండేది. అంటే చెన్నై పోర్టులో పెట్టె దిగిన రోజే సుమారు 15 లక్షల 84 వేలు, కస్టమ్స్ డ్యూటీ దానికి అదనం, పైగా జీఎస్టీ ఆ డ్యూటీని కూడా కలిపిన విలువ మీద లెక్కేస్తారు. 29 లక్షల విమానం రెక్కలు బిగించకముందే 55 లక్షలు దాటేసింది, మీ ఎఫ్‌డీ ఏ మూలకి?

ఎవరో ఒక ఎల్‌ఎల్‌పీ (పార్ట్‌నర్‌షిప్ కంపెనీ లాంటిది) పెట్టి దాని పేరున కొంటే జీఎస్టీ వెనక్కొస్తుందని చెప్పారట. రాదండి. విమానాల మీద ఇన్‌పుట్ క్రెడిట్ చట్టంలోనే ఆపేశారు, అమ్మే వ్యాపారం, ప్రయాణికుల్నో సరుకునో చేరవేయడం, పైలట్ ట్రైనింగ్ లాంటివాటికే ఇస్తారు. 2007లో నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్లకి (చార్టర్ విమానాలు నడిపేవాళ్లకి) డ్యూటీ మినహాయింపు ఇస్తే ఆ పర్మిట్ మీద తెచ్చి సొంతానికి తిరుగుతున్నారని కస్టమ్స్ వాళ్లు కేసులు పెట్టారు, పెద్ద పెద్దోళ్లే ఏళ్ల తరబడి ట్రిబ్యునల్ చుట్టూ తిరిగారు, మనకెందుకు చెప్పండి.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇంకోటుంది. 1944 షికాగో ఒప్పందం ప్రకారం ఒక విమానం ఒకేసారి రెండు దేశాల రిజిస్టర్లో ఉండకూడదు, అంటే ఇక్కడ వీటీ రావాలంటే మీ ఫ్రెండ్ ఓక్లహోమా సిటీలోని ఎఫ్‌ఏఏ (అక్కడి డీజీసీఏ లాంటిది) రిజిస్ట్రీలో ఎన్ నంబర్ (అమెరికా రిజిస్ట్రేషన్) క్యాన్సిల్ చేయించాలి. చేయించాక ఇక్కడ కాదన్నారనుకోండి, అక్కడ ఎగరదు, ఇక్కడా ఎగరదు. అందుకని వరస తప్పొద్దు: ముందు డీజీసీఏ నుంచి రాతపూర్వకంగా ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం), తర్వాత ఎఫ్‌ఏఏ ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్, ఆ తర్వాతే క్యాన్సిలేషన్. డబ్బు మొత్తం ఎన్‌ఓసీ వచ్చేదాకా కదలకూడదు, ఫ్రెండే కదా అని పంపేయకండి. పంపేటప్పుడు కూడా బ్యాంకుతో దిగుమతి పేమెంట్‌లా పంపాలా ఎల్‌ఆర్‌ఎస్‌లోనా (సొంతానికి విదేశాలకి డబ్బు పంపుకునే ఆర్‌బీఐ స్కీమ్) అని ముందే తేల్చుకోండి, ఎల్‌ఆర్‌ఎస్ అయితే ఏడాదిలో 10 లక్షలు దాటిన భాగం మీద 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుంటారు, రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుపోతుంది.

పోనీ అక్కడే ఉంచి సగం వాటా కొంటా అంటారా, అక్కడా ఒక గొయ్యి ఉంది. ఎన్ నంబర్ ఉండాలంటే ఓనర్లందరూ అమెరికా పౌరులో గ్రీన్ కార్డ్ వాళ్లో అయ్యుండాలి, మీ పేరు చేరిన క్షణం ఆయన రిజిస్ట్రేషనే చెల్లకుండా పోతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు 5 డాలర్లే, కానీ మీలాంటి వాళ్లు ట్రస్ట్ ద్వారా పెట్టుకోవాలి, దానికి ఏటేటా ఫీజు. ఇక్కడ ఐటీ రిటర్న్‌లో ఫారిన్ అసెట్స్ షెడ్యూల్లో చూపించాలి, చూపించకపోతే 10 లక్షల పెనాల్టీ దాకా పోవచ్చు.

నేనైతే ఇలా చేస్తా. విమానం ఆయన పేరునే ఉండనిచ్చి, ఏడాదికోసారి వెళ్లినప్పుడు పెట్రోల్లో వాటా ఇచ్చి ఎగురుతా. మీ ఎఫ్‌ఏఏ లైసెన్స్‌కి ఎక్స్‌పైరీ లేదు, 24 నెలలకోసారి ఫ్లైట్ రివ్యూ, మెడికల్ ఉంటే చాలు. దీనికి ఏటా 3, 4 లక్షలు పక్కన పెట్టుకోగలరు, ఎఫ్‌డీ ముట్టుకోకుండానే. ఇక్కడే పాతది కావాలి అంటే వీటీ రిజిస్టర్లో ఆల్రెడీ ఉన్నవాటి మీద కన్నేయండి, మన హెచ్‌ఏఎల్ వాళ్ల పుష్పక్ 1958లో ఇక్కడే మొదటిసారి ఎగిరింది, అదీ రెండు సీట్ల చిన్న విమానమే. అలాంటిది దొరికితే దిగుమతి డ్యూటీ, ఎన్‌ఓసీ గోల తప్పుతుంది. కాకపోతే దాన్ని సర్టిఫై చేయగల ఇంజినీర్ దొరుకుతాడో లేదో, లాగ్‌బుక్స్ మొదటి పేజీ నుంచి ఉన్నాయో లేదో చూస్కోకుండా టోకెన్ ఇవ్వొద్దు. ఇలాంటి చిన్న విమానాల పెట్రోల్ ఏవ్‌గ్యాస్‌ని 2022 నుంచి ఇండియన్ ఆయిల్ గుజరాత్ రిఫైనరీలో చేస్తోంది, అది ఒక్కటి ఇప్పుడు కాస్త నయం.

ఫండ్స్ జోలికి ఇప్పుడే పోకండి, ఏడాది దాటిన ఈక్విటీవైతే 1.25 లక్షలు దాటిన లాభం మీద 12.5 శాతం కట్టాలి, అమ్మాయి చదువు ఇంకా రెండేళ్లుంది. ముందు ఫ్రెండ్‌ని లాగ్‌బుక్స్ స్కాన్ చేసి పంపమనండి, అవి పెట్టి డీజీసీఏకి రాయండి, జవాబు కాగితం మీద వచ్చాక మళ్లీ మెయిల్ చేయండి, ఏది ముందు అమ్మాలో అప్పుడు కూర్చుని చూద్దాం.